ముప్పావు మిల్లీమీటరు పంచాయితీ

కొలతల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పే ఈ పేజీకి మామూలుగా వచ్చేవి గోడ వంకర పోయిందనీ, ట్యాంకులో నీళ్లు లెక్కకి తక్కువొచ్చాయనీ, బంగారం తూకం తేడా చూపిస్తోందనీ రాసే ఉత్తరాలు. ఈసారి ఎందుకో ఎయిర్ రైఫిళ్ల ఉత్తరాలు వరసకట్టాయి, అదీ అన్నీ వైజాగ్ నుంచే. విషయం ఒకటే కాబట్టి అన్నిటినీ ఒకచోట పెట్టేస్తున్నాను. తుపాకులంటే ఆసక్తి లేనివాళ్లు కూడా చదవొచ్చు, ఇందులో తుపాకీ తక్కువ, వెర్నియర్ (మందం కొలిచే పరికరం) ఎక్కువ.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. మార్కులొస్తే కొనిస్తానన్న పాపానికి ఒక ఎయిర్ రైఫిల్ కొనిచ్చాను. దాని మీద స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, బిగించడానికి అల్యూమినియం రెయిల్ (పట్టీ) ఒకటి విడిగా కొన్నాం. పెట్టె మీద 20 ఎంఓఏ అని అచ్చేసి ఉంది. అంటే 0.33 డిగ్రీల వాలు అని మావాడు లెక్క చెప్పాడు. తీరా ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి రెయిల్ మీద పెడితే 0.6 చూపిస్తోంది. షాపువాణ్ణి అడిగితే "ఫోన్‌తో కొలిచారా సార్" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రెయిల్ వాలు ఇంట్లో సరిగ్గా కొలవడం ఎలాగో చెప్పండి, తేడా ఉంటే మొహాన కొట్టి వస్తాను. – గాజువాక

జవాబు: కొట్టే ముందు ఫోన్ వెనక్కి తిప్పి ఒకసారి చూడండి. కెమెరా దగ్గర బుడిపె ఉందా? ఇప్పుడొచ్చే ఫోన్లలో చాలావాటికి ఉంటుంది. ఆ బుడిపె రెయిల్ మీద ఎక్కితే ఫోనే ఒక పక్కకి లేస్తుంది, కవరు ఉంటే అదొక మందం, పైగా ఫోన్‌లో ఉండే సెన్సర్‌కి తనదంటూ ఒక తప్పు ఉంటుంది. ఇన్ని కలిసి పావు డిగ్రీ తేడా రావడం పెద్ద విశేషం కాదు. షాపతను నవ్వడం మర్యాద కాదుగానీ, అన్నమాట మాత్రం నిజమే.

ముందు ఆ 20 అంటే ఏమిటో చేతికి తెలియాలి. గంటని అరవై నిమిషాలు చేసినట్టే డిగ్రీని కూడా అరవై ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక మినిట్ ఆఫ్ యాంగిల్, దాన్నే పొట్టిగా ఎంఓఏ అంటారు. ఒక మినిట్ అంటే 100 మీటర్ల దూరంలో 2.9 సెంటీమీటర్లు. 20 మినిట్లంటే అదే దూరంలో 58 సెంటీమీటర్లు. చాలా అనిపిస్తుంది కదా, అదే రెయిల్ దగ్గరికొచ్చేసరికి 100 మిల్లీమీటర్ల పొడవుకి 0.58 మిల్లీమీటరు మాత్రమే. మన మేస్త్రులు బాత్‌రూం నేలకి నూటికి ఒకటి వాటం పెడతారనుకుంటే ఇది నూట డెబ్బై రెండుకి ఒకటి. కంటితో చూస్తే సమంగానే ఉంటుంది. ఇంత చిన్న వాటాన్ని ఫోన్‌తో పట్టాలనుకోవడం బియ్యం తూచే కాటాలో ముక్కుపుడక తూచడం లాంటిది.

ఎందుకు వాలు పెడతారంటే, స్కోపులోని గురి గీతల్ని పైకీ కిందకీ తిప్పే మర ఉంటుంది కదా, దానికి ఒక హద్దు ఉంటుంది. మొత్తం 60 మినిట్లు తిరిగే స్కోపు అయితే మధ్యలో ఉంచినప్పుడు పైకి 30, కిందకి 30. దూరంగా కొట్టేవాళ్లకి పైకి తిరగడమే ఎక్కువ కావాలి, కింద భాగం ఊరికే పడి ఉంటుంది. అందుకని రెయిల్‌నే వెనక ఎత్తుగా, ముందు పల్లంగా చెక్కితే ఆ 20 మినిట్లు రెయిల్ ఇచ్చేస్తుంది, స్కోపులో పైకి 50, కిందకి 10 మిగులుతాయి. ఉపాయం ఇంతే.

ఇక కొలవడం. ఇంట్లో రసమట్టం ఉంటే మేస్త్రి చేసే పని గుర్తు తెచ్చుకోండి. కొత్త రసమట్టం చేతికి రాగానే ఒకసారి పెట్టి చూస్తాడు, మళ్లీ అటుదిటు తిప్పి అదే చోట పెట్టి చూస్తాడు. రెండుసార్లూ బుడగ ఒకేచోట నిలిస్తే అది మంచి మట్టం. ఫోన్‌కైనా, డిజిటల్ యాంగిల్ గేజ్‌కైనా ఇదే పరీక్ష. కవరు తీసేసి, బుడిపె గాల్లోకి వచ్చేలా పెట్టి, ఒకసారి చూడండి, కొస వైపు పల్లం 0.6 అన్నది అనుకుందాం. ఫోన్‌ని తలకిందులు కాకుండా అలాగే వెనకది ముందుకి తిప్పి పెట్టండి, ఈసారి అదే కొస వైపు పల్లం 0.1 అందనుకోండి. అసలు వాలు రెండిటి సగటు, 0.35. ఆ మిగతా పావు డిగ్రీ ఫోన్‌ది. మీ రెయిల్‌కి సరిగ్గా ఇలాగే వస్తుందని నేను అనట్లేదు, కానీ తిప్పకుండా తీసిన కొలత కొలతే కాదు.

అదీగాక, రెయిల్ విడిగా టేబుల్ మీద పెట్టి కొలిచారా, తుపాకీకి బిగించి కొలిచారా అన్నది మీరు రాయలేదు. భూమికి సమంగా ఉందా లేదా అన్నది మనకి అక్కర్లేదండీ. భోజనాల బల్లకే అర డిగ్రీ వాటం ఉండొచ్చు, రోజూ సాంబారు గిన్నె ఒక పక్కకి జారుతుంటే ఎవరికీ పట్టదు. మనకి కావాల్సింది రెయిల్ పై తలానికీ దాని కింద తలానికీ మధ్య తేడా. కాబట్టి ఎప్పుడూ రెండు కొలతలు, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేత. డిజిటల్ యాంగిల్ గేజ్ అయితే రెయిల్ లేకుండా గన్ మీద మామూలుగా ఉండే 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి (రెయిల్ దవడలు పట్టుకునే చోటు) మీద పెట్టి సున్నా బటన్ నొక్కి, గన్ కదలకుండా రెయిల్ బిగించి, గేజ్‌ని అదే దిక్కుగా మళ్లీ రెయిల్ మీద పెట్టి చదవాలి. అల్యూమినియానికి గేజ్ అయస్కాంతం అంటుకోదు, చేత్తో అదమకుండా ఊరికే ఆనించండి. ఇంత చేసినా 0.1 డిగ్రీ చూపించే గేజ్‌తో మీ పంచాయితీ తెగదు. ఎందుకంటే 0.1 డిగ్రీ అంటే 6 మినిట్లు. గేజ్ 0.3 అని చూపిస్తే అసలు వాలు 15 నుంచి 21 మినిట్ల మధ్య ఏదైనా కావొచ్చు. రెయిల్ మంచిదో కాదో తేల్చడానికి అది చాలదు, రెయిల్‌కి అసలు వాలు ఉందా లేదా అని తేల్చడానికి చాలు.

మరి ఏది చాలు? మామూలు వెర్నియర్. ఆశ్చర్యపోకండి. కోణాన్ని కోణంగా కొలవడం కష్టం, ఎత్తుగా మార్చి కొలిస్తే సులువు. పోయిన నెల మా వీధి కుర్రాడి దగ్గర ఇలాంటి రెయిలే ఒకటి ఉంటే, మీలాగే అనుమానంతో ఉన్నాడు, వాణ్ణి వెంటబెట్టుకుని కంచరపాలెంలో తెలిసినవాళ్ల మిషన్ షెడ్‌కి వెళ్లాను. సర్ఫేస్ ప్లేట్ (కొలతల కోసం బాగా చదును చేసిన బల్ల) మీద దుమ్ము తుడిచి రెయిల్ పెట్టబోతే కుదరలేదు, కింద డవ్‌టెయిల్‌ని పట్టుకునే దవడలు రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ దవడల మధ్యలో పట్టేలా ఒక సన్నటి ప్యారలల్, అంటే రెండు పక్కలా ఒకే మందంగా గ్రైండింగ్ చేసిన ఉక్కు పట్టీ, పెట్టి దాని మీద రెయిల్ కూర్చోబెట్టాం. స్టాండుకి డయల్ గేజ్, అంటే కింద ముల్లు ఎంత లేస్తే అంత ఎత్తు చూపించే గడియారం లాంటిది, బిగించి ముందు కొస దగ్గర మొదటి గట్టు (గాడికీ గాడికీ మధ్య ఉండే ఎత్తు) మీద ముల్లు ఆనించి సున్నాకి తిప్పాం. ఈ రకం రెయిల్‌కి, పికటినీ అంటారు, అమెరికాలో న్యూజెర్సీలోని ఆయుధాగారం పేరు అది, 1995లో వచ్చిన సైనిక ప్రమాణం దీనిది, పైన అడ్డంగా గాడులుంటాయి. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి నుంచి ఇంకో గాడికి 10.01 మిల్లీమీటర్లు. రెయిల్‌ని కింద జరుపుతుంటే ముల్లు గాడిలో పడి డయల్ గిర్రున తిరుగుతుంది, కుర్రాడు అదే వాలనుకుని హడలిపోయాడు. గాడి వచ్చిన ప్రతిసారీ ముల్లు వేలితో ఎత్తి పట్టుకోవాలి, గట్టు మీదే దింపాలి.

ఆ గాడుల వల్ల ఒక లాభం కూడా ఉంది, పొడవు కొలవక్కర్లేదు, లెక్కపెడితే చాలు. 13 గాడులు దాటాం, అంటే 130.1 మిల్లీమీటర్లు. వెనక గట్టు మీద డయల్ 0.76 చూపించింది. రెయిల్‌ని ముందుది వెనక్కి తిప్పి పెట్టి మళ్లీ చూస్తే 0.75. సగటు 0.755. ఎత్తు తేడాని పొడవుతో భాగించి 3438తో గుణిస్తే మినిట్లు వస్తాయి, ఈ ఒక్క లెక్క గోడ మీద రాసిపెట్టుకోండి. వాడి ఫోన్ కాలిక్యులేటర్‌లో వచ్చింది 19.95. వాడు ఇంకోసారి చేశాడు. మళ్లీ 19.95. పెట్టె మీద రాసింది అబద్ధం కాదన్నమాట, వాడి మొహంలో కొంచెం నిరాశ కూడా కనిపించింది.

మీకు సర్ఫేస్ ప్లేటూ డయలూ లేకపోతే, రెయిల్ కింది తలం చదునుగా ఉన్నదైతే, 0.02 మిల్లీమీటరు చదివే వెర్నియర్‌తో రెండు చివరలా మందం చూడండి. ఈ పొడవుకి 0.02 అంటే అర మినిట్. రెండు కొలతల్లోనూ తప్పు వచ్చినా మహా అయితే ఒక మినిట్ అటూ ఇటూ, మీ గొడవకి అది చాలు. జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు, అంటే కొస కింద ఒక్క కాగితం ముక్క దూరినా 2.6 మినిట్ల తేడా. అందుకే కొలిచే ముందు బర్రు (కోసినచోట మిగిలే గరుకు అంచు), రంగు పెచ్చు, గ్రీజు మీద అంటిన ఇసుక తుడవాలి. ఎండకి వేడెక్కితే కొలత మారుతుందా అని మా కుర్రాడు అడిగాడు. రెయిల్ అంతా ఒకేలా వేడెక్కితే పొడవూ మందమూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, కోణం అలాగే ఉంటుంది. మే నెల గాజువాకలో కొలిచినా ఫరవాలేదు.

ఒక్క సంగతి మాత్రం వదిలేయకండి. ఇప్పటిదాకా కొలిచింది రెయిల్ వాలు. గుండు పోయేది బ్యారెల్ గొట్టంలోంచి. అసలు వాలు ఆ గొట్టం నడిమధ్య గీతకీ రెయిల్‌కీ మధ్య ఉన్నది. గన్ మీద డవ్‌టెయిల్ గాడి బ్యారెల్‌కి సమాంతరంగా చెక్కి ఉంటే రెండూ ఒకటే, లేకపోతే కాదు. కొన్ని రైఫిళ్లలో రెయిల్ కూర్చునే ముందు తలం, వెనక తలం ఒకే ఎత్తులో ఉండవు, అలాంటివాటి రెయిల్‌ని విడిగా తీసి మందం కొలిస్తే వచ్చే అంకెకి అర్థమే లేదు, బిగించే కొలవాలి. సరే బిగించి, బ్యారెల్ మీద రసమట్టం పెట్టి పోల్చుకుందాం అంటారా, బ్యారెల్ చాలావాటికి కొస వైపు సన్నబడుతూ పోతుంది. గన్ దగ్గర మందం 16 మిల్లీమీటర్లు ఉండి 200 మిల్లీమీటర్లు ముందుకెళ్లేసరికి 15.2 ఉందనుకోండి, తేడాలో సగం 0.4, దాన్ని 200తో భాగించి 3438తో గుణిస్తే దగ్గర దగ్గర 7 మినిట్లు. అంటే బ్యారెల్ పైభాగమే గొట్టంతో పోలిస్తే 7 మినిట్లు కిందకి వాలి ఉంది. ఇది కలపకపోతే 20 మినిట్ల రెయిల్‌ని 13 అని తిట్టిపోస్తారు. ఈ పనులన్నిటికీ ముందు గన్‌లో గుండు లేదని, గాలి ఎక్కించి లేదని చూసుకోవడం మళ్లీ చెప్పాలా? చెబుతున్నాను.

మీ అబ్బాయికి ఒక మాట. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు స్కోపు ఒప్పుకోరు. అక్కడ పదో నంబరు చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది, దాన్ని పీప్ సైట్‌తోనే, అంటే చిన్న కంతలోంచి గురి చూసే పరికరంతోనే కొట్టాలి. సరదాకైతే స్కోపు బాగానే ఉంటుంది. పోటీలకి వెళ్లే ఆలోచన ఉంటే తర్వాత ఖర్చు పెట్టేది పీప్ సైట్ మీద పెట్టండి.

ప్రశ్న: సార్, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నా ఎయిర్ రైఫిల్‌కి 20 ఎంఓఏ రెయిల్ వేసి స్కోపు పెట్టాను. స్కోపు మర సరిగ్గా మధ్యకి తెచ్చి 10 మీటర్ల నుంచి ఐదు కొడితే ఐదూ గురికి నాలుగున్నర అంగుళాల కింద ఒకే గుంపుగా పడ్డాయి. పైకి తిప్పగలిగినంతా, 30 మినిట్లు, తిప్పేశాను. ఇంకా అంగుళం పైనే కిందకి కొడుతోంది. స్కోపు పోయిందా? స్కోపు నడిమికీ బ్యారెల్ నడిమికీ 4 సెం.మీ. ఉంది, వేగం సెకనుకి 170 మీటర్లని పుస్తకంలో ఉంది. – మధురవాడ

జవాబు: బాబూ, అంకెలన్నీ రాసినందుకు నీకు వంద మార్కులు. స్కోపు బాగానే ఉంది. రెయిల్ తిరగేసి బిగించావు.

ఎలా తెలిసిందంటే ఇలా. స్కోపూ బ్యారెలూ సమాంతరంగా ఉంటే గుండు 10 మీటర్ల దగ్గర గురికి 4 సెంటీమీటర్ల కింద పడాలి, ఎందుకంటే బయల్దేరిందే అక్కణ్ణుంచి. దానికి తోడు భూమి లాగుడు. 170తో బయల్దేరిన గుండు ఆ దూరం పోవడానికి సెకనులో సుమారు పదిహేడో వంతు పడుతుంది, ఆలోగా సుమారు 1.7 సెంటీమీటర్లు దిగుతుంది. మొత్తం 5.7. ఇప్పుడు 10 మీటర్ల దగ్గర 20 మినిట్లు అంటే ఎంత? 5.8 సెంటీమీటర్లు. అంటే రెయిల్ సరిగ్గా ఉంటే స్కోపు మధ్యలో ఉండగానే దాదాపు గురి మీదే పడాలి. అదే రెయిల్ తిరగబడితే 5.7కి 5.8 కలుస్తుంది, 11.5 సెంటీమీటర్లు. నాలుగున్నర అంగుళాలు. నీ ఉత్తరంలో ఉన్న అంకే అది. దాన్ని సరిచేయడానికి 40 మినిట్లు కావాలి, నీ స్కోపులో పైకి 30 ఉన్నాయి, మిగిలిన 10 మినిట్లే ఆ అంగుళం చిల్లర.

స్కోపు తీసి వెర్నియర్‌తో రెయిల్ రెండు చివరలా మందం చూడు, మందమైన చివర నీ భుజం వైపు ఉండాలి. డవ్‌టెయిల్‌కి దవడలతో పట్టుకునే రకం రెయిల్ ఎటు పెట్టినా హాయిగా పట్టేస్తుంది, బాణం గుర్తు చాలావాటి మీద ఉండదు, అందుకే ఇది అందరూ ఒకసారైనా చేసే తప్పు. నేనూ చేశాను, నేనైతే స్కోపు తిరిగి పంపించేశాను కూడా, అది వేరే కథ.

తిప్పి బిగించాక కూడా రెండు అంగుళాల తేడా మిగిలితే అప్పుడు బ్యారెల్ మీద అనుమానపడు. నీది బ్యారెల్ మడిచి గాలి ఎక్కించే రకం అయితే, మూసినప్పుడు బ్యారెల్ కొంచెం కిందకి వాలి లాక్ అవ్వడం ఆ రకంలో మామూలే.

ప్రశ్న: నమస్తే. నాది ఆటోనగర్‌లో మిల్లింగ్ మిషన్. ఒక అబ్బాయి ఎయిర్ రైఫిల్ రెయిల్ తెచ్చి, ఇది సమంగా ఉంది, పైన 20 మినిట్ల వాలు చెక్కి ఇమ్మన్నాడు. డిగ్రీలో మూడో వంతుకి నా వైస్ కింద ఉన్న గీతలు ఎందుకూ పనికిరావు. సైన్ బార్ (రెండు రోలర్ల మీద నిలబడే, కోణం పెట్టే పట్టీ) ఉంది, దాని కింద పెట్టే స్లిప్ గేజ్ (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు బిళ్లలు) డబ్బా లేదు. ఎలా పెట్టాలి? – ఆటోనగర్

జవాబు: అన్నా, స్లిప్ గేజులు లేకపోయినా ఫీలర్ గేజ్ ఉంటుంది కదా, బైకు ట్యాపెట్లు సెట్ చేసే సన్నటి రేకుల కట్ట. 100 మిల్లీమీటర్ల సైన్ బార్‌కి ఒక రోలర్ కింద 0.58 మిల్లీమీటరు పెడితే 20 మినిట్లు. 0.50 రేకూ 0.08 రేకూ కలిపి పెట్టు. రేకుల మధ్య నూనె, ముడత లేకుండా గుడ్డతో తుడిచి వేలితో నొక్కి చూడు, మధ్యలో గాలి ఉంటే రేకు స్ప్రింగులా ఆడుతుంది. సైన్ బార్ కూడా లేనివాళ్లు రెండు ఒకే సైజు డోవెల్ పిన్నులు నడిమికి నడిమి 100 మిల్లీమీటర్లు ఉండేలా వేసి ఒకదాని కింద రేకులు పెట్టుకోవచ్చు.

కానీ పని బిగించాక రేకుల్ని నమ్మకు. వైస్ బిగించేటప్పుడు ముక్క పైకి లేవడం నీకు నేను చెప్పాలా. స్పిండిల్‌కి డయల్ తగిలించి, సమంగా ఉన్న రెయిల్ పైతలం మీద ముల్లు పెట్టి, టేబుల్‌ని 100 మిల్లీమీటర్లు జరుపు. డయల్ 0.58 తిరగాలి, అదొక్కటే సాక్ష్యం. 0.55 వచ్చిందా, అది 19 మినిట్లు, ఎయిర్ రైఫిల్‌కి చాలు. 0.40 వస్తే మాత్రం విప్పి మళ్లీ పెట్టు. అడ్డంగా కూడా ఒకసారి డయల్ నడిపి చూడు, నిలువు వాటం చూసుకుని అడ్డం వాటం మర్చిపోతే స్కోపు ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, అది ఇంకా పెద్ద తలనొప్పి. పై తలం చెక్కితే పక్కల ఉండే ఏటవాలు అంచులు కూడా అదే వాలులో మళ్లీ చెక్కాలి, లేకపోతే స్కోపుని పట్టుకునే రింగులు ఒక చివర బిగుతుగా, ఇంకో చివర వదులుగా పడతాయి. ఈ సంగతి విన్నాక ఆ అబ్బాయికి రెడీమేడ్ రెయిల్ కొనుక్కోమని చెప్పాలనిపిస్తే చెప్పు, నీ కూలి కంటే అదే చౌక.

ఇంకొకటి. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. దాని మీద స్కోపు పట్టీ చెక్కడం నీకు మామూలు జాబ్‌వర్క్. రేపు ఎవరైనా లైసెన్సు తుపాకీ, లేదా దాని ముక్క ఏదైనా తెస్తే ఎంత తెలిసినవాడైనా ముట్టుకోకు. తుపాకీ తయారీ, రిపేరు చేయడానికి 1959 ఆయుధాల చట్టం కింద వేరే లైసెన్సు ఉండాలి.

ప్రశ్న: రెయిల్ మార్చకుండా, వాలు రావడానికి వెనక రింగులో కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి పెడితే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. ఎన్ని పొరలు పెట్టాలి? – గోపాలపట్నం

జవాబు: డబ్బా రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఇక్కడ లెక్క రెయిల్ పొడవుతో కాదు, రెండు రింగుల మధ్య దూరంతో. అది 100 మిల్లీమీటర్లయితే ఒక్క పొరకి 3.4 మినిట్లు. ఒక పొర, మహా అయితే రెండు. ఆరు పొరలు పెట్టి 20 మినిట్లు తెద్దామనుకుంటే స్కోపు గొట్టం రింగుల మధ్య వంగుతుంది, గొట్టం మీద రింగు అంచు నొక్కు పడుతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ సగం ధరకి కూడా కొనరు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ టెర్రస్ నుంచి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ స్పష్టంగా కనిపిస్తుంది. దూరపు గుర్తు ఒకటి పెట్టుకుని, బ్యారెల్ గొట్టంలోంచి ఒకసారి, స్కోపులోంచి ఒకసారి చూస్తే రెండిటి మధ్య తేడాయే వాలు అని విన్నాను. లైట్‌హౌస్‌ని గుర్తుగా పెట్టుకోవచ్చా? – సీతమ్మధార

జవాబు: వద్దు. పద్ధతి మంచిదే, చోటే తప్పు. టెర్రస్ మీద తుపాకీ భుజానికి ఆనించి నేవీ వాళ్ల కొండ వైపు గురి చూస్తుంటే కింద వీధిలో వాళ్లకి అది గాలి తుపాకీ అని ఎలా తెలుస్తుంది? పోలీసులు వచ్చాక మినిట్ల లెక్క వివరించే ఓపిక మీకుండొచ్చు, వాళ్లకుండదు.

క్లబ్బు రేంజ్‌లోనే, అక్కడివాళ్లకి చెప్పి చేయండి. 50 మీటర్ల దగ్గర కాగితం మీద నల్ల చుక్క పెట్టి, గన్‌ని స్టాండులో కదలకుండా బిగించి, గొట్టం నడిమికి చుక్క తెచ్చి, తర్వాత మధ్యకి సెట్ చేసిన స్కోపులోంచి చూస్తే గీతలు చుక్కకి 29 సెంటీమీటర్ల కింద ఆగాలి, దాంట్లోంచి స్కోపు ఎత్తు 4 సెంటీమీటర్లు తీసేయాలి, ఎందుకంటే స్కోపు గొట్టానికి అంత పైన ఉంది. అంటే కనిపించేది సుమారు 25 కింద. అయితే ఇది వెనకనుంచి గొట్టం ఆరపార కనిపించే రైఫిళ్లకే. మడిచే రకం ఎయిర్ రైఫిల్‌ని మడిచినప్పుడే వెనకనుంచి గొట్టం కనిపిస్తుంది, అప్పుడు బ్యారెల్ నేలచూపులు చూస్తుంటుంది, మూస్తే మీకు కనిపించదు. ముందు కొస వైపు నుంచి కన్ను పెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు.

ప్రశ్న: మాది పెదవాల్తేరు, బీచ్‌కి దగ్గర. ప్రతి మూడు నాలుగు నెలలకీ రెయిల్ తీసి తుడిచి బిగిస్తే గురి మారిపోతోంది. రెయిల్ వంగిపోతోందా?

జవాబు: రెయిల్ వంగలేదు, దాని కింద ఏదో పెరుగుతోంది. ఉక్కు స్క్రూ, అల్యూమినియం రెయిల్, మధ్యలో ఉప్పు గాలి తేమ. ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి స్క్రూ చుట్టూ, రెయిల్ అంచుల కింద పొర కడుతుంది. మీరు పైన తుడుస్తున్నారు, దవడల లోపలి అంచు, డవ్‌టెయిల్ మూలలు వదిలేస్తున్నారు. ముందే చెప్పినట్టు కాగితమంత మందం ఒక కొస కింద చేరితే 2.6 మినిట్లు, 10 మీటర్ల దగ్గర ఏడున్నర మిల్లీమీటర్లు. పాత టూత్‌బ్రష్‌తో ఆ మూలలు గీకి, పొడి గుడ్డతో తుడిచి, స్క్రూ మరలకి ఒక చుక్క నూనె రాసి, బిగించేముందు రెయిల్‌ని ప్రతిసారీ ముందుకి నెట్టి పట్టుకుని, స్క్రూలు ఒకటే పూర్తిగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. స్క్రూ తలలు ఇప్పటికే ఎర్రబడి ఉంటే తుడవడం మానేసి స్టెయిన్‌లెస్‌వి మార్చండి, కానీ వాటికి నూనె ఇంకా ఎక్కువ అవసరం.